ఆ బావుల్లో ఉన్నది ఏ వాన నీరు? ఒక ఐసోటోపు పరిశోధన కథనం

ఒక జలాశయం మట్టికట్టను ఎత్తు పెంచారు. ఆ తర్వాత రెండేళ్లలో దిగువనున్న బోరుబావుల్లో నీటిమట్టం బాగా పైకి వచ్చింది. జలాశయం నుంచి దిగే ఊటే దీనికి కారణమని కట్టను పెంచినవాళ్లు అన్నారు. ఆ రెండేళ్లూ వానలు దండిగా కురిశాయి, మా బావులు నిండింది వానతోనే అని బావుల యజమానులు అన్నారు. ఈ మాటల వెనుక లెక్కలున్నాయి. బావుల్లో ఉన్నది ఊట నీరైతే అందులో తమకూ హక్కుందని జలాశయం వైపువాళ్లు అడగవచ్చు. వాన నీరైతే అడగడానికి ఏమీ ఉండదు. ఈ సంగతి తేల్చమని నన్ను పిలిచారు. స్థలాన్ని గుర్తుపట్టే వివరాలు వదిలేసి, అంకెలను గుండ్రం చేసి రాస్తున్నాను. వాదన నడవడానికి అవి చాలు.

నేల కింద పైన కొంత లోతు వరకు శిథిలమైన శిల, దాని కింద పగుళ్లున్న గట్టి శిల. నీటిమట్టాల రికార్డు మాత్రమే చూస్తే ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. వాన పడ్డప్పుడే జలాశయమూ నిండుతుంది, బావులూ లేస్తాయి. పైగా మట్టం పెరగడం అంటే కొత్త నీరు ఆ బావిలోకి చేరిందని కాదు. ఒక చోట చేరిన నీటి ఒత్తిడి పగుళ్ల గుండా చాలా వేగంగా పాకుతుంది, నీటి కణం మాత్రం నెమ్మదిగా నడుస్తుంది. అందుకే మట్టాన్ని వదిలి నీటినే ప్రశ్నించాలనుకున్నాను.

నీటిని ప్రశ్నించడం సాధ్యమే, ఎందుకంటే నీటి అణువులన్నీ ఒకే బరువుతో ఉండవు. ప్రకృతిలోని ఆక్సిజన్‌లో సుమారు 0.2 శాతం బరువైన ఆక్సిజన్-18. నీటిలోని హైడ్రోజన్‌లో దాదాపు 0.0156 శాతం డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్. ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న ఇలాంటి పరమాణువులనే ఐసోటోపులంటాం. ఇవి రేడియోధార్మికత లేని స్థిర ఐసోటోపులు, కాలంతో క్షీణించవు. ఆవిరయ్యేటప్పుడు బరువైన అణువులు వెనకబడతాయి, మేఘంలో ఆవిరి చినుకుగా మారేటప్పుడు ముందుగా దిగిపోతాయి. అందుకే ఒకే మేఘం కురుస్తూ పోయినకొద్దీ మిగిలిన ఆవిరి తేలికవుతుంది, తర్వాత పడే వానా తేలికవుతుంది. ఈ తేడాలు ఎంత చిన్నవంటే శాతాల్లో కాకుండా వెయ్యింట వంతుల్లో, అంటే పర్‌మిల్‌లో కొలుస్తాం. వియన్నా ప్రామాణిక సముద్రజలంతో పోల్చి డెల్టా విలువగా చెబుతాం. రుణ సంఖ్య ఎంత పెద్దదైతే ఆ నీరు అంత తేలిక.

1961లో భూరసాయన శాస్త్రవేత్త హార్మన్ క్రెయిగ్ ప్రపంచంలోని వాన, నదీ జలాల విలువలను గీసి చూపిన వర్షజల రేఖ ఈ రంగంలో అందరికీ కంఠస్థం: డ్యుటీరియం డెల్టా = 8 × ఆక్సిజన్-18 డెల్టా + 10. ఆవిరి, ద్రవం సమతౌల్యంలో ఉన్నప్పుడు హైడ్రోజన్‌లో వచ్చే తేడా ఆక్సిజన్‌లో వచ్చే తేడాకు సుమారు ఎనిమిది రెట్లు ఉంటుంది. ఆ వాలు అక్కడి నుంచే వచ్చింది. బయలు నీటి మీద గాలి వీస్తూ ఆవిరి ఎగిరిపోయేటప్పుడు ఈ సమతౌల్యం చెడుతుంది. అలా మిగిలిన నీరు ఎనిమిది వాలు రేఖను వదిలి, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వాలుతో కుడి పక్కకు జారుతుంది. ఈ పరిశోధనకు ఆధారం ఆ జారుడే. వాన నేరుగా నేలలోకి దిగితే వర్షజల రేఖ మీదే ఉంటుంది. జలాశయంలో నెలల తరబడి ఎండిన నీరు రేఖ కిందికి దిగి ఉంటుంది. భూమిలో మామూలు ఉష్ణోగ్రతల దగ్గర శిల ఈ విలువలను మార్చదు కాబట్టి, ఒకసారి లోపలికి దిగిన నీరు తన గుర్తును అలాగే మోస్తుంది.

కాగితం మీద ఇంత సులువు. నేలమీద మొదటి అడుగే తడబడింది.

వాన నమూనాలు నేను వెళ్లేసరికే ఐదు నెలలుగా సేకరించి ఉంచారు. ఫలితాలు గీస్తే రేఖ వాలు ఆరున్నర దగ్గర వచ్చింది. ఆ ప్రాంతపు వానే అలాంటిదేమోనని ఒక రోజంతా ఆలోచించాను. పడుతూ దారిలోనే కొంత ఆవిరైన చినుకుల వల్ల కొన్ని చోట్ల వాలు నిజంగానే ఎనిమిది కంటే తగ్గుతుంది. ఆ తర్వాత సేకరణ పాత్రను చూడటానికి వెళ్లాను. వెడల్పాటి మూతిగల బకెట్, పైన గరాటు, అంతే. నెలంతా వాన నీరు అందులో నిలిచి, నెల చివర సీసాలోకి చేరింది. ఆ నెలల్లో వానలు తక్కువ, ఎండ ఎక్కువ. నాకిచ్చింది వాన నమూనా కాదు, బుల్లి జలాశయం నమూనా. ఆ ఐదు నెలలనూ పక్కన పెట్టేశాను. కొనసాగించమని వాదించినవాళ్లున్నారు, సరిచేసి వాడమన్నవాళ్లూ ఉన్నారు. ఎంత ఆవిరైందో కొలవని నీటిని సరిచేయడమంటే మనకు నచ్చిన జవాబును లోపలికి చొప్పించడమే.

కొత్త పాత్రలో గరాటు నుంచి సన్నటి గొట్టం సీసా అడుగు దాకా దిగుతుంది. నీటి పైభాగానికి బయటి గాలి దాదాపుగా తగలదు. పాత పద్ధతిలో నీటి మీద పారఫిన్ నూనె పొర పోస్తారు. అది కూడా పనిచేస్తుంది, కానీ ఇప్పుడు చాలా ప్రయోగశాలలు లేజర్ యంత్రాలు వాడుతున్నాయి. నూనె జాడ ఆ యంత్రం కొలతను చెడగొడుతుంది, కాబట్టి నేను నూనె జోలికి పోలేదు. సీసాల విషయంలో ఆమ్లం కలపడం, మంచులో ఉంచడం వంటి హంగామా ఏమీ అక్కర్లేదు. ప్లాస్టిక్ మందంగా ఉండాలి, గాలి బుడగ లేకుండా నిండుగా ఉండాలి, మూత బిగుతుగా ఉండాలి. ఈ చివరిదాన్ని చిన్న విషయంగా చూసినవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

ఏడాది తర్వాత స్థానిక వర్షజల రేఖ సరిగ్గా నిలిచింది: వాలు 7.7, అంతరఖండం (క్రెయిగ్ రేఖలో 10 ఉన్న చోటి సంఖ్య) 7. ఏడాది వాన పొడవైన రికార్డు కాదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి 1960ల మొదటి నుంచి నడుపుతున్న వర్ష ఐసోటోపుల నెట్‌వర్క్‌లో దశాబ్దాల రికార్డున్న కేంద్రాలు ఉన్నాయి. అలాంటి ఒక కేంద్రం మాకు మరీ దూరంగా లేదు. దాని రేఖ మా రేఖతో పొసిగింది కాబట్టి ధైర్యం వచ్చింది. పొసగకపోతే ఇంకో ఏడాది ఆగేవాడిని.

ఇక సగటు సంగతి. నెలవారీ విలువల మామూలు సగటు ఆక్సిజన్-18కు −3.2 వచ్చింది. ఏ నెలలో ఎంత వాన పడిందో ఆ మేరకే ఆ నెలకు ప్రాధాన్యమిచ్చి లెక్కిస్తే, అంటే బరువు సగటు కడితే, −5.0. రెండింటి మధ్య ఇంత దూరానికి కారణం తెలిసిందే. ఉష్ణ ప్రాంతాల్లో పెద్ద వాన తేలికగా, చిన్న జల్లు బరువుగా ఉంటుంది. 1964లో డెన్మార్క్ శాస్త్రవేత్త విల్లీ డాన్స్‌గార్డ్ వివరించిన పరిమాణ ప్రభావం ఇదే. జల్లు పడే నెలకూ కుంభవృష్టి నెలకూ ఒకే ప్రాధాన్యమిస్తే సగటు బరువైన నీటి విలువల వైపు వంగుతుంది.

బావుల్లో నమూనాలు తీసేటప్పుడు పంపు ఆన్ చేసి, గొట్టంలో నిలవ ఉన్న నీరు పోయి, విద్యుత్ వాహకత స్థిరపడ్డాకే సీసా నింపాం. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. గ్రాఫు మీద బావులు మూడు గుంపులుగా విడిపోయాయి, ఒక్కటి మాత్రం ఏ గుంపులోనూ చేరలేదు. దాని సంగతి తర్వాత.

మొదటి గుంపు జలాశయానికి ఎగువన, పక్కన ఉన్న బావులు. ఆక్సిజన్-18 −6.0 చుట్టూ, డ్యుటీరియం −39 చుట్టూ, సరిగ్గా వర్షజల రేఖ మీద. కాలం మారినా విలువ 0.2 కంటే ఎక్కువ కదల్లేదు. రేఖ మీద ఉన్నాయి కాబట్టి ఇవి ఎండకుండా దిగిన వాన నీళ్లు. కానీ వాన సగటు −5.0 అయితే ఇవి −6.0 ఎలా అయ్యాయి?

ఈ కేసంతటిలో నేను ఎక్కువ కాలం గడిపింది ఈ ఒక్క పర్‌మిల్ దగ్గరే. భూగర్భజలం అంటే ఏడాది వాన సగటు అని పాఠాల్లో చదువుకున్న ఊహ మనలో బలంగా ఉంటుంది. నిజానికి పడిన వానంతా కిందికి దిగదు. ఆకుల మీద తడిసి ఆరిపోయే జల్లు ఒకటి, ఎండిన పైమట్టి పీల్చుకుని వేర్లకు అప్పగించే వాన మరొకటి. వేర్ల లోతును దాటి కిందికి జారేది మట్టి ముందే తడిసి ఉన్నప్పుడు వరసగా కురిసిన పెద్ద వాన. ఆ పెద్ద వానే తేలిక వాన. కాబట్టి నేల ఒక వడపోతలా పనిచేసి, బరువైన చిన్న వానలను వెనక్కి పంపి, తేలికైన పెద్ద వానలను లోపలికి రానిచ్చింది. మా వాన రికార్డులో వరసగా తడి రోజులున్న వారాలను మాత్రమే తీసుకుని బరువు సగటు కడితే −5.9 వచ్చింది. బావుల విలువకు అతుక్కున్నంత దగ్గర. మొక్కలు వేళ్లతో పీల్చుకునేటప్పుడు ఐసోటోపులను దాదాపుగా వేరు చేయవు. అందుకే ఇంత వడపోత జరిగినా బావుల నీరు రేఖను వదలలేదు.

రెండో గుంపు కట్టకు దిగువన ఉన్న బావులు. సగటున ఆక్సిజన్-18 −4.4, డ్యుటీరియం −31. ఇదే ఆక్సిజన్ విలువకు వర్షజల రేఖ −27 చూపుతుంది. అంటే ఇవి రేఖ కింద ఉన్నాయి. వీటినీ జలాశయం నమూనాలనూ కలిపి గీస్తే వాలు 5 వచ్చింది. ఆ గీతను వెనక్కి పొడిగిస్తే వర్షజల రేఖను −6.0 దగ్గరే కోసింది. జలాశయం నిండేది కూడా ఆ పెద్ద వానల ప్రవాహంతోనే కాబట్టి ఇది పొందికగా ఉంది.

ఇక్కడితో ఆగి ఉంటే నివేదిక రెండు పేజీల్లో ముగిసేది. మూడో గుంపు అడ్డం వచ్చింది. జలాశయానికి ఎగువన, సాగు భూముల మధ్య ఉన్న కొన్ని బావుల్లోనూ −4.6 వంటి విలువలు, రేఖకు కిందనే. ఎగువకు ఊట పాకదు. ఈ నీటికి ఎండిన గుర్తు ఎక్కడిది? కట్టకు దిగువనా సాగు భూములున్నాయి కాబట్టి, ఆ కారణం ఏదైనా సరే రెండో గుంపుకూ వర్తించవచ్చు. బావుల యజమానులు దీన్ని నాకంటే ముందే పట్టుకున్నారు. అది సరైన అభ్యంతరం.

సమాధానం క్లోరైడ్ చెప్పింది. బోరు నీటిని పొలంలో పారించినప్పుడు కొంత ఆవిరైపోతుంది, మిగిలింది మళ్లీ కిందికి దిగుతుంది. ఇలా తిరిగొచ్చే నీటికి ఐసోటోపుల్లో ఎండిన గుర్తు ఉంటుంది. దానితో పాటు, మొక్క నీటిని తాగి ఉప్పును వదిలేస్తుంది కాబట్టి క్లోరైడ్ బాగా పెరుగుతుంది. ఎరువుల వల్ల నైట్రేట్ కూడా వస్తుంది. జలాశయంలో కథ వేరు. అక్కడ నీరు మొక్కల గుండా పోలేదు, ఎండినా ఉప్పు కొద్దిగానే చిక్కబడింది. వాన నుంచి మట్టి గుండా దిగిన మామూలు భూగర్భజలంలో కంటే జలాశయంలోనే క్లోరైడ్ తక్కువ. ఈ రెండు గుంపులనూ ఐసోటోపు, క్లోరైడ్ అక్షాల మీద గీస్తే వ్యతిరేక దిక్కులకు వెళ్లాయి. ఎగువ సాగు బావుల్లో విలువ బరువెక్కినకొద్దీ క్లోరైడ్ పెరిగింది. దిగువ బావుల్లో విలువ బరువెక్కినకొద్దీ క్లోరైడ్ తగ్గింది. దిగువన రెండు బావులు మాత్రం ఎగువ గుంపులాగే ప్రవర్తించాయి, వాటిని లెక్కలోంచి తీసేశాను. ఐసోటోపుల పనికి వెళ్లి క్లోరైడ్ కొలవకుండా తిరిగొచ్చేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

తర్వాత వాటా లెక్క. రెండు నీళ్ల మిశ్రమంలో జలాశయం వాటా కావాలంటే మిశ్రమం విలువ నుంచి వాన నీటి విలువను తీసేసి, దాన్ని రెండు మూలాల మధ్య తేడాతో భాగించాలి. సూత్రం ఒక్క వరుస, కానీ అందులో పెట్టే మూలాల ఎంపికే జవాబును మోస్తుంది. జలాశయం విలువ ఏడాది పొడవునా ఒకటి కాదు. వానల తర్వాత −5 దగ్గర ఉండి, ఎండలు ముదిరేసరికి +2 దాకా వెళ్లింది. నేను మొదటిసారి వెళ్లింది ఎండల చివర. ఆ రోజు తీసిన +2 నే వాడి ఉంటే దిగువ బావుల్లో జలాశయం వాటా 20 శాతం అని తేలేది. కానీ ఎండల చివర జలాశయంలో నీరే తక్కువ, కట్ట మీద ఒత్తిడీ తక్కువ, ఊటా తక్కువ. ఎక్కువ ఊట దిగేది మట్టం ఎత్తుగా ఉన్న నెలల్లో, నీరు ఇంకా అంతగా ఎండనప్పుడు. నెలనెలా నమూనా తీసి, జలాశయం నీటి పద్దు నుంచి అంచనా కట్టిన నెలవారీ ఊటతో బరువు వేస్తే సగటు −2.0 వచ్చింది. దానితో లెక్క వేస్తే: −4.4 కూ −6.0 కూ తేడా 1.6, −2.0 కూ −6.0 కూ తేడా 4.0, వాటా 40 శాతం.

రెండో వైపు మూలంలోనూ ఇదే గోతి ఉంది. వాన నీటికి −6.0 బదులు వర్షపాతపు బరువు సగటు −5.0 పెట్టి ఉంటే వాటా మళ్లీ 20 శాతానికి పడిపోయేది. ఇందాక ఒక్క పర్‌మిల్ దగ్గర అంతసేపు ఎందుకు కూర్చున్నానో ఇప్పుడు తెలిసి ఉంటుంది. రెండు వేర్వేరు పొరపాట్లు ఒకే తప్పు జవాబు దగ్గరకు తీసుకెళ్లి, ఒకదాన్నొకటి సమర్థిస్తున్నట్టు కనిపించడం ఈ కేసులో నన్ను భయపెట్టిన సంగతి.

యంత్రం కొలతలో పొరపాటు 0.1, వాన మూలంలో 0.2, జలాశయం మూలంలో 0.5 అనుకుని అనిశ్చితిని కడితే ఆరు శాతం పైనా కిందా వచ్చింది. కాబట్టి నివేదికలో 34 నుంచి 46 శాతం అని రాశాను. అనిశ్చితిలో పెద్ద భాగం జలాశయం వైపు నుంచే. ఎంత ఖరీదైన యంత్రం వాడినా ఈ వెడల్పు పెద్దగా తగ్గేది కాదు, నెలకు రెండు నమూనాలు తీసి ఉంటే తగ్గేది. కట్టకు అతి దగ్గరి బావిలో జలాశయపు ఎండాకాలపు గుర్తు సుమారు మూడు నెలలు ఆలస్యంగా, బాగా పలచబడి కనిపించింది. ఊట నిజంగా నడుస్తోందనడానికి అది నాకు గ్రాఫు కంటే నమ్మకమైన సాక్ష్యం.

ఏ గుంపులోనూ చేరని బావి చాలా లోతైనది. ఆక్సిజన్-18 −7.2, డ్యుటీరియం −48. రేఖ మీదే ఉంది, కానీ మిగిలిన అన్నిటికంటే తేలిక. ఎత్తైన చోట పడిన వాన తేలికగా ఉంటుంది కాబట్టి కొండల మీది నీరేమో అన్నారు ఒకరు. ఎత్తు ప్రభావం ప్రతి 100 మీటర్లకు సాధారణంగా 0.15 నుంచి 0.5 పర్‌మిల్. ఆ పరీవాహకంలోని కొండ 150 మీటర్లకు మించదు, అత్యధిక విలువ తీసుకున్నా 0.75 కంటే రాదు, కావలసింది 1.2. హైడ్రోజన్‌కు రేడియోధార్మిక ఐసోటోపైన ట్రిటియం కొలిపించాను. దాని అర్ధజీవితకాలం 12.3 ఏళ్లు. 1950ల, 60ల అణ్వస్త్ర పరీక్షల వల్ల వాతావరణంలో బాగా పెరిగి, ఆ కాలపు వానతో నేలలోకి దిగింది. ఈ బావిలో కొలవగలిగినంత కూడా లేదు. అంటే ఇది ఆ పరీక్షలకు ముందే లోపలికి దిగిన నీరు, మరో వాతావరణంలో కురిసిన వాన అయి ఉండవచ్చు. జలాశయంతోనూ, ఈ రెండేళ్ల వానతోనూ దీనికి సంబంధం లేదు. వాటా లెక్క నుంచి దాన్ని తప్పించి, దానిలో పంపు గంటలు తగ్గించమని విడిగా ఒక పేరా రాశాను. ఆ పేరా గురించి ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

అడిగింది మరొకటి. 40 శాతం అన్నది ఇప్పుడు బావుల్లో ఉన్న నీటిలో జలాశయం వాటా. పెరిగిన మట్టంలో జలాశయం వాటా కాదు. కట్ట ఎత్తు పెంచకముందు కూడా అక్కడ జలాశయం ఉంది, అప్పుడూ ఊట దిగే ఉంటుంది. ఆనాటి బావి నీరు ఎవరూ సీసాలో పట్టి ఉంచలేదు. అప్పుడు వాటా 35 శాతమో, 5 శాతమో ఐసోటోపులు ఇప్పుడు చెప్పలేవు. ఈ మాటను నివేదిక మొదటి పేజీలోనే పెట్టాను. ఇరుపక్షాలు కలిసి తయారు చేసిన పట్టికలో రెండు గడులు ఉన్నాయి. "బావి నీటిలో జలాశయం వాటా" అన్న గడిలో 34–46 అని రాసి, "మట్టం పెరుగుదలలో జలాశయం వాటా" అన్న గడిలో అడ్డగీత గీశాను. వారం తర్వాత ఫోను వచ్చింది. రెండో గడిలోనూ మొదటి గడి అంకెనే వేసుకోవచ్చా అని అడిగారు. వద్దన్నాను. మరి ఏ అంకె వేయమంటారని అడిగారు.